పాత కంప్యూటర్ ప్రాణం ముప్ఫై నాలుగు తీగల్లో

ఫ్లాపీ డ్రైవ్‌ల మరమ్మతుకు విడిభాగాల కన్నా కనెక్టర్ల పరిజ్ఞానమే ముఖ్యం

పాఠశాల విద్యార్థులకు కంప్యూటర్‌ను పరిచయం చేయాలన్న సంకల్పంతో కేంద్ర ప్రభుత్వం 1984-85లో 'క్లాస్' పథకాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. బ్రిటన్‌కు చెందిన ఏకార్న్ సంస్థ రూపొందించిన బీబీసీ మైక్రో కంప్యూటర్లు 12 వేల వరకు ఈ పథకం కింద రాష్ట్ర ప్రభుత్వాల ద్వారా మాధ్యమిక, ఉన్నత మాధ్యమిక పాఠశాలలకు చేరాయి. మొహాలీలోని ప్రభుత్వరంగ సంస్థ సెమీకండక్టర్ కాంప్లెక్స్ ఇదే యంత్రాన్ని 'యూనికార్న్' పేరుతో ఇక్కడే తయారు చేసింది. నాలుగు దశాబ్దాలు గడిచాయి. నాటి యంత్రాలను తిరిగి నడిపించాలని పూనుకున్న వారికి నేడు ఒక వింత అనుభవం ఎదురవుతున్నది. మెదడు వంటి ప్రాసెసర్ చాలా సందర్భాలలో చెక్కుచెదరకుండానే ఉంటుంది. మీట నొక్కితే తెర వెలుగుతుంది. ఫ్లాపీ డ్రైవ్ మాత్రం పలకదు.

డ్రైవ్ పాడైపోయిందని తీర్మానించి దానిని పక్కన పెట్టడం అందరూ చేసే పని. కొత్త డ్రైవ్‌ల తయారీ ఆగిపోయి చాలా కాలమైంది కనుక అలా పక్కన పెట్టిన ప్రతి డ్రైవూ శాశ్వత నష్టమే. వాస్తవానికి లోపం డ్రైవ్‌లో కాక, దానిని కంప్యూటర్‌తో కలిపే తీగలలోనో, ఆ తీగల కొసన ఉండే కనెక్టర్లలోనో ఉండే అవకాశం ఎక్కువ. ఏ తీగ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, దాని పని ఏమిటో తెలిసినవారు సామాన్యమైన మల్టీమీటర్‌తోనే ఆ లోపాన్ని కనుగొనగలరు. తెలియనివారి చేతిలో బాగున్న యంత్రం కూడా నిమిషంలో కాలిపోగలదు.

సరి పిన్ను, బేసి పిన్ను

ఫ్లాపీ డ్రైవ్‌లకు వాడే బల్లపరుపు రిబ్బన్ కేబుల్‌లో 34 తీగలు ఉంటాయి. అమెరికాకు చెందిన షుగార్ట్ అసోసియేట్స్ 1976లో 'ఎస్ఏ 400' అనే ఐదుంబావు అంగుళాల డ్రైవ్‌ను విడుదల చేసినప్పుడు పెట్టిన ఏర్పాటిది. ఆ తరువాత వచ్చిన తయారీదారులు చాలామంది స్వల్ప మార్పులతో దానినే అనుసరించారు. బీబీసీ మైక్రో కూడా ఆ బాటలోనే నడిచింది.

ఈ ఏర్పాటులో బేసి సంఖ్య గల 17 పిన్నులూ గ్రౌండ్‌కు చెందినవి. సరి సంఖ్య గల పిన్నులే సంకేతాలను మోస్తాయి. ప్రతి రెండు సంకేతాల నడుమ ఒక గ్రౌండ్ తీగ కంచెలా నిలిచి, ఒకదాని అలజడి మరొకదానికి సోకకుండా కాపాడుతుంది. బీబీసీ మైక్రోలో 10వ పిన్ను మొదటి డ్రైవ్‌ను, 12వ పిన్ను రెండవ డ్రైవ్‌ను ఎంపిక చేస్తాయి. 16వది మోటారును తిప్పమంటుంది. 18వది హెడ్ ఏ దిశలో కదలాలో చెబుతుంది. 20వది ఒక్కొక్క అడుగు వేయిస్తుంది. 22వది రాయవలసిన సమాచారాన్ని తీసుకుపోతుంది, 24వది రాతకు అనుమతి ఇస్తుంది. 32వది డిస్కు ఏ పక్కనో నిర్ణయిస్తుంది. ఇవన్నీ కంప్యూటర్ నుంచి డ్రైవ్‌కు వెళ్లే ఆజ్ఞలు.

డ్రైవ్ నుంచి తిరిగి వచ్చే సమాధానాలు నాలుగు. డిస్కు ఒక చుట్టు పూర్తి చేసిందని 8వ పిన్ను చెబుతుంది. హెడ్ మొదటి ట్రాక్‌కు చేరిందని 26వది, డిస్కుపై రాయరాదన్న బిళ్ల అంటించి ఉందని 28వది తెలుపుతాయి. చదివిన సమాచారాన్ని 30వది అందిస్తుంది. ఈ సంకేతాలన్నీ వోల్టేజీ సున్నాకు దిగినప్పుడే అమలులోకి వస్తాయి. ఈ ఒక్క అంశం గుర్తుంటే మరమ్మతులో తలెత్తే చిక్కుముడులు సగం విడిపోతాయి.

కేబుల్‌ను తలకిందులుగా తగిలించినప్పుడు జరిగేదే ఇందుకు నిదర్శనం. అప్పుడు మొదటి పిన్ను 34వ దానితో, రెండవది 33వ దానితో కలుస్తాయి. కంప్యూటర్ వైపు గ్రౌండ్ తీగలన్నీ డ్రైవ్ వైపు సంకేతాల స్థానంలోకి వస్తాయి. సంకేతం సున్నాకు దిగడమే ఆజ్ఞ కనుక, ఎంపిక, మోటారు, రాతకు అనుమతి అన్నీ ఏకకాలంలో అమలవుతాయి. విద్యుత్తు ఇచ్చిన క్షణం నుంచి డ్రైవ్ దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటే కేబుల్ తిరగబడిందని అనుమానించాలి. ఆ సమయంలో డిస్కు లోపల ఉంటే దానిపైనున్న సమాచారం చెరిగిపోయే ప్రమాదం ఉంది. విలువైన డిస్కును మొదటి పరీక్షకు వాడరాదని అనుభవజ్ఞులు పదేపదే హెచ్చరించడానికి కారణం ఇదే.

చూపులకు ఒకటే, పనిలో వేరు

కనెక్టర్ల ఆకారం చూసి మోసపోవడం మరో సమస్య. బీబీసీ మైక్రో అడుగుభాగాన వరుసగా అమర్చిన కనెక్టర్లలో రెండింటికి 34 పిన్నులే ఉన్నాయి. ఒకటి డిస్కు డ్రైవ్‌కు సంబంధించినది కాగా, మరొకటి ఇతర అదనపు పరికరాలకు ఉద్దేశించిన 'ఒక మెగాహెర్ట్జ్ బస్సు'. డ్రైవ్ కేబుల్ రెండింటిలోనూ చక్కగా ఇముడుతుంది. తప్పు చోట తగిలిస్తే డ్రైవ్ ఎంత బాగున్నా పలకదు. యంత్రాన్ని తిరగేసి, కనెక్టర్ పక్కన ముద్రించిన పేరు చదవడం మరమ్మతులో మొదటి మెట్టు.

ఐబీఎం పీసీ కేబుల్ తెచ్చిపెట్టే గందరగోళం ఇంకొకటి. షుగార్ట్ పద్ధతిలో ఏ డ్రైవ్ మొదటిదో, ఏది రెండవదో డ్రైవ్‌పై ఉన్న చిన్న జంపర్ నిర్ణయిస్తుంది. ఐబీఎం 1981లో పీసీని విడుదల చేసినప్పుడు డ్రైవ్‌లన్నిటిలోనూ జంపర్‌ను రెండవ స్థానంలోనే ఉంచి, తేడాను కేబుల్‌కు వదిలిపెట్టింది. ఇందుకోసం 10 నుంచి 16 వరకు గల ఏడు తీగలను ఒక చోట విడదీసి మెలితిప్పింది. మెలికకు అవతల ఉన్నది 'ఏ' డ్రైవ్, ఇవతల ఉన్నది 'బి' డ్రైవ్. పీసీల కాలంలో పని నేర్చిన సాంకేతికులకు మెలిక ఉన్న కేబులే సహజమైనది. బీబీసీ మైక్రోకు కావలసినది మెలిక లేని కేబుల్. పీసీ నుంచి ఊడదీసిన మూడున్నర అంగుళాల డ్రైవ్‌ను తిన్నని కేబుల్‌తో దీనికి తగిలిస్తే అది మొదటి డ్రైవ్‌గా కాక రెండవ డ్రైవ్‌గా కనిపిస్తుంది. యంత్రం మొదటి డ్రైవ్ కోసం ఎదురుచూస్తుంటుంది, మనిషి డ్రైవ్ చెడిపోయిందనుకుంటాడు.

విద్యుత్తు కనెక్టర్ల విషయంలో పొరపాటుకు క్షమాపణ లేదు. ఐదుంబావు అంగుళాల డ్రైవ్‌కు పెద్ద కనెక్టర్ ఉంటుంది. అందులో మొదటి పిన్ను 12 వోల్టులు, నడిమి రెండూ గ్రౌండ్, నాలుగవది 5 వోల్టులు. మోటారుకు 12 వోల్టులు, ఎలక్ట్రానిక్ భాగాలకు 5 వోల్టులు అవసరం. మూడున్నర అంగుళాల డ్రైవ్‌కు ఉండే చిన్న కనెక్టర్‌లో వరుస తారుమారు. అక్కడ మొదటి పిన్నే 5 వోల్టులు. పెద్ద కనెక్టర్‌లోని వరుస ప్రకారమే చిన్నదానికి తీగలు కలిపితే 5 వోల్టుల చిప్పులకు 12 వోల్టులు చేరి, అవి మరుక్షణమే మాడిపోతాయి. సాధారణంగా పసుపు తీగ 12 వోల్టులకు, ఎరుపు తీగ 5 వోల్టులకు, నలుపు గ్రౌండ్‌కు వాడతారు. అయితే పాతకాలపు పెట్టెలలో ఎవరి చేతికి అందిన తీగ వారు వేసిన సందర్భాలు లేకపోలేదు. రంగును నమ్మక, కనెక్టర్‌ను డ్రైవ్‌కు తగిలించకముందే ప్రతి పిన్ను వోల్టేజీని కొలిచి చూడడమే క్షేమం.

తీగ వెంట అన్వేషణ

తీగల జాడ తీసే పని యంత్రాన్ని ఆపి, గోడ సాకెట్ నుంచి ప్లగ్గు తీసిన తరువాతే మొదలు కావాలి. ఏదీ ఊడదీయకముందే ఉన్నది ఉన్నట్టుగా బొమ్మ గీసుకోవడమో, ఫోటో తీసుకోవడమో తప్పనిసరి. కేబుల్ ఒక అంచున ఎర్ర చార ఉంటే ఆ వైపున మొదటి పిన్ను ఉంటుందన్నది సంప్రదాయం. కనెక్టర్‌పై చిన్న త్రిభుజం గుర్తు కూడా దానినే సూచిస్తుంది. ఐదుంబావు అంగుళాల డ్రైవ్‌లో కనెక్టర్ బోర్డు అంచునే ఉంటుంది. ఆ అంచున ఒక సన్నని గంటు కనబడుతుంది. గంటుకు దగ్గరగా ఉన్న కొసనే మొదటి పిన్ను ఉన్నట్టు లెక్క.

తరువాత కేబుల్‌ను రెండు వైపులా ఊడదీసి, మల్టీమీటర్‌ను శబ్దం వచ్చే స్థానంలో ఉంచి, ఒక కొసన రెండవ పిన్నును, మరో కొసన రెండవ పిన్నును తాకాలి. శబ్దం వస్తే తీగ తెగలేదని అర్థం. ఇలా 34 పిన్నులనూ పరీక్షించాలి. అక్కడితో ఆగరాదు. ప్రతి పిన్ను తన పక్కదానితో కలవడం లేదని కూడా నిర్ధారించుకోవాలి. ఊడదీసిన కేబుల్‌లో ఏ రెండు తీగలు కలిసినా అది లోపమే. రెండు కొసలనూ యంత్రాలకు తగిలించాక బేసి పిన్నులన్నీ గ్రౌండ్ ద్వారా ఒకటవుతాయి కనుక, ఈ పరీక్ష కేబుల్ విడిగా ఉన్నప్పుడే చెల్లుతుంది.

ఈ కేబుళ్లకు కనెక్టర్లను టంకంతో అతికించరు. కనెక్టర్ లోపలి చిన్న చీలిక బ్లేడులు తీగ పైపొరను చీల్చుకుని లోపలి రాగిని పట్టుకుంటాయి. కేబుల్‌ను పట్టుకుని లాగడం వల్ల ఆ పట్టు సడలుతుంది. తేమ సోకితే లోహంపై చిలుము పేరుకుంటుంది. అటువంటి తీగ కదిలించకుండా ఉంచితే శబ్దం ఇస్తుంది, కొద్దిగా వంచితే మౌనం వహిస్తుంది. అందుకే కనెక్టర్ దగ్గర కేబుల్‌ను మెల్లగా వంచుతూ పరీక్షించాలి. మురికి పట్టిన పిన్నులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కనెక్టర్‌ను రెండు మూడుసార్లు తొడిగి తీయడంతోనే తిరిగి పనిచేసిన డ్రైవ్‌లకు కొదవ లేదు.

కేబుల్ బాగున్నట్టు తేలితే అన్వేషణ డ్రైవ్ బోర్డు మీదికి మళ్లుతుంది. ఇక్కడ లోపం తీరును బట్టి ఏ పిన్ను నుంచి వెతకాలో ఊహించవచ్చు. మోటారు తిరుగుతున్నా దీపం వెలగకపోతే ఎంపిక తీగనూ జంపర్‌నూ చూడాలి. హెడ్ మొదటి ట్రాక్‌కు చేరినా ఆగక గోడకు కొట్టుకుంటూ ఉంటే 26వ పిన్ను సమాధానం కంప్యూటర్‌కు అందడం లేదు. ఒక పక్క మాత్రమే చదువుతుంటే 32వది అనుమానాస్పదం. డిస్కు తిరుగుతున్నా యంత్రం ఊరికే వేచి ఉంటే 8వ పిన్నును పరీక్షించాలి. ఈ డ్రైవ్ నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనులో ఐదో వంతుకు ఒకసారి ఆ పిన్నుపై సంకేతం రావాలి. వ్యాధి లక్షణాన్ని బట్టి నాడి పట్టుకునే వైద్యుడి పద్ధతికీ దీనికీ పెద్ద తేడా లేదు.

రెండు డ్రైవ్‌లను ఒకే కేబుల్‌పై నడిపేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. సంకేతాలు తీగ కొసన తగిలి వెనక్కి మళ్లకుండా చివరి డ్రైవ్‌లో 150 ఓమ్‌ల నిరోధకాల సముదాయాన్ని అమరుస్తారు. అది చివరి డ్రైవ్‌లో మాత్రమే ఉండాలి. 5 వోల్టుల వద్ద ఒక్క నిరోధకం ద్వారా ప్రవహించే విద్యుత్తు 33 మిల్లీ ఆంపియర్లు. రెండు డ్రైవ్‌లలోనూ ఉంచితే నిరోధం 75 ఓమ్‌లకు పడిపోయి, విద్యుత్తు 67 మిల్లీ ఆంపియర్లకు పెరుగుతుంది. ఇటువంటి తీగలను నడపడానికి వాడుకలో ఉన్న 7438 చిప్పు సామర్థ్యం 48 మిల్లీ ఆంపియర్లే. రెండు డ్రైవ్‌లూ విడివిడిగా పనిచేస్తూ, కలిపినప్పుడు మొరాయించడానికి ఇదొక కారణం కావచ్చు.

తీగలన్నీ సక్రమమని తేలినా డ్రైవ్ పలకకపోతే అప్పుడే యాంత్రిక భాగాల వంతు వస్తుంది. హెడ్ జరిగే కడ్డీలపై గ్రీజు గట్టిపడి ఉండవచ్చు, హెడ్‌పై బూజు పేరుకుని ఉండవచ్చు. మన దేశపు తేమ వాతావరణంలో డిస్కులకు బూజు పట్టడం సాధారణం. బూజు పట్టిన ఒక్క డిస్కు హెడ్‌ను పాడు చేస్తే, ఆ హెడ్ తరువాత వచ్చే మంచి డిస్కులను గీరుతుంది. కంప్యూటర్ పవర్ సప్లైని తెరిచేవారు మరింత అప్రమత్తంగా ఉండాలి. అందులో ప్రాణాంతకమైన వోల్టేజీ ఉంటుంది. మెయిన్స్ వైపు ఉండే పాత కాగితపు కెపాసిటర్లు ఏళ్ల తరబడి తేమ పీల్చి, పగిలి, దట్టమైన పొగ చిమ్మడం ఈ తరం యంత్రాలలో తరచుగా జరిగేదే.

పటం ఉంటేనే మరమ్మతు

పైన చెప్పిన పిన్నుల వివరాలు నేడు ఎవరికైనా అందుబాటులో ఉన్నాయంటే అందుకు కారణం నాటి తయారీదారులు వాటిని దాచుకోకపోవడమే. బీబీసీ మైక్రోకు సర్క్యూట్ పటంతో కూడిన సర్వీస్ మాన్యువల్ ఉన్నది. ఐబీఎం సైతం తన పీసీ సాంకేతిక గ్రంథంలో సర్క్యూట్ పటాలను, మూల ప్రోగ్రామ్ పాఠాన్ని పూర్తిగా ముద్రించింది. ఆ పీసీ నమూనాను అనుసరించిన యంత్రాల పరిశ్రమ ప్రపంచమంతటా వెలసింది. 1984 నవంబరులో కేంద్రం కొత్త కంప్యూటర్ విధానం ప్రకటించాక మన దేశంలోనూ ఆ పరిశ్రమ విస్తరించింది. ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్, చెన్నైలోని రిచీ స్ట్రీట్, బెంగళూరులోని ఎస్.పి. రోడ్డు, సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల యంత్రాలను విప్పి, తిరిగి కూర్చి జీవనోపాధి పొందిన వేలాది మంది నైపుణ్యానికి పునాది ఈ బహిరంగ పరిజ్ఞానమే.

ఆ తరువాతి కాలంలో పరిస్థితి మారింది. నేటి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లలో భాగాలను జిగురుతో అతికిస్తున్నారు. సర్క్యూట్ పటాలు బయటి మరమ్మతుదారులకు అందడం అరుదు. ఈ నేపథ్యంలోనే కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో 'మరమ్మతు హక్కు'పై ఒక సంఘాన్ని నియమించింది. వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలను ముందుగా దీని పరిధిలోకి తెచ్చారు. అదే సంవత్సరం డిసెంబరులో ఇందుకోసం ఒక పోర్టల్‌ను ప్రారంభించారు. వస్తువును బాగు చేయడం ఎంత సులభమో తెలిపే సూచికపై ఏర్పాటైన మరో సంఘం 2025 మేలో నివేదిక సమర్పించింది. ఈ-వ్యర్థాల నిర్వహణకు 2022లో రూపొందించిన కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. వ్యర్థాన్ని సేకరించి కరిగించడం కన్నా, వస్తువు వ్యర్థం కాకముందే బాగు చేయగలగడం చౌక అన్న సత్యాన్ని నాలుగు దశాబ్దాల నాటి ఫ్లాపీ డ్రైవ్ నిరూపిస్తున్నది.

కాలం చెల్లిన వస్తువుపై ఇంత శ్రమ దేనికన్న ప్రశ్న సహజం. ఫ్లాపీ కాలం చెల్లడం అనుకున్నంత త్వరగా జరగలేదు. సోనీ సంస్థ 2011 మార్చిలో జపాన్‌లో ఫ్లాపీల విక్రయం నిలిపివేసింది. అయినా ఆ దేశ ప్రభుత్వ నిబంధనల నుంచి ఫ్లాపీని తొలగించడం 2024 నాటికి గాని పూర్తి కాలేదు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగర రైళ్ల నియంత్రణ వ్యవస్థ ఐదుంబావు అంగుళాల ఫ్లాపీలపై ఆధారపడి ఉండగా, దానిని మార్చే ఒప్పందానికి 2024 అక్టోబరులో ఆమోదం లభించింది. మన దేశంలో ఆదాయపు పన్ను కోత వివరాలను ఎలక్ట్రానిక్ రూపంలో సమర్పించే పథకం 2003లో మొదలైనప్పుడు ఫ్లాపీ కూడా ఆమోదిత సాధనమే.

ఆ కాలపు కార్యాలయాల లెక్కలు, విద్యాసంస్థల పరిశోధన వివరాలు, తొలితరం డీటీపీలో కూర్చిన పుస్తకాల ప్రతులు ఇప్పటికీ అలమరలలోని ఫ్లాపీలలో ఉండిపోయి ఉంటే, వాటిని వెలికితీయడానికి ముందుగా కావలసినది పనిచేసే డ్రైవ్. డిస్కుపైనున్న అయస్కాంత గుర్తులను నేరుగా చదివి, యూఎస్‌బీ ద్వారా నేటి కంప్యూటర్‌కు అందించే 'గ్రీజ్‌వీజిల్' వంటి చవకైన పరికరాలు అందుబాటులోకి వచ్చాయి. అవి కూడా డ్రైవ్‌తో మాట్లాడేది పాత 34 పిన్నుల కనెక్టర్ ద్వారానే.

డిస్కులపై అయస్కాంత గుర్తులు ఏటికేడాది బలహీనపడుతున్నాయి. వాటిని చదవగల డ్రైవ్‌లు తుక్కు దుకాణాలకు చేరుతున్నాయి. పాలిటెక్నిక్‌లు, ఐటీఐలు తమ మూలగదులలో పడి ఉన్న పాత యంత్రాలను వేలం వేయడానికి ముందు విద్యార్థుల ముందు ఉంచితే ఖర్చు లేని ప్రయోగశాల సిద్ధమవుతుంది. తీగ జాడ తీయడం, పటం చదవడం, ఊహకు ముందు కొలతను నమ్మడం అక్కడ అలవడే విద్యలు. ఫ్లాపీ అంతరించినా ఆ విద్యలకు గిరాకీ తగ్గదు. నాడు ప్రజాధనంతో పాఠశాలలకు చేరిన 12 వేల యంత్రాలలో కొన్నయినా ఈ రెండో పాఠం చెప్పగల స్థితిలో మిగిలి ఉంటే, వాటిని తూకానికి అమ్మడం దుబారాయే అవుతుంది.